గేటు దగ్గర మూడు ప్రశ్నలు

మా తోడికోడలు కనకవల్లి అక్క గేటు దగ్గర నిలబడిందంటే దోమైనా సరే పేరు చెప్పుకుని లోపలికి రావాల్సిందే. ఈ మాట నా ఒక్కదానిదే కాదు. కాకినాడలో మా వీధి వీధంతా అంటుంది.

"ఎవరు? ఎవరి కోసం? ఏం పని?"

గ్రిల్ గేటు గడియ మీద చెయ్యి వేసి ఈ మూడు ప్రశ్నలూ అడిగేది. జవాబులు నచ్చితే గడియ తీసి "లోపలికి రండి" అనేది. నచ్చకపోతే ఎండలో నిలబడాల్సిందే. నా పెళ్ళయిన కొత్తలో మా అన్నయ్య మామిడిపళ్ళ బుట్ట నెత్తిన పెట్టుకుని వస్తే, వాణ్ణి గుర్తుపట్టి కూడా గడియ తియ్యలేదు మహాతల్లి. "పేరు తెలుసు బాబూ, పనేంటో చెప్పలేదుగా" అంది. పళ్ళివ్వడానికని వాడు చెప్పాకే లోపలికి రానిచ్చి, మళ్ళీ తనే కొసరి కొసరి వడ్డించింది.

మిగతావాళ్ళం అలా కాదు. నేను, మా ఆయన, బావగారు, అందరం అచ్చంగా గోదావరి జిల్లా వాళ్ళం. మనిషి కనిపిస్తే చాలు, "రండి రండి, భోంచేసి వెళ్ళండి" అంటాం. వచ్చినవాడు ఎవడో వెళ్ళాక ఆలోచిస్తాం. అక్క లేకపోతే ఈ ఇల్లు ఎప్పుడో సత్రం అయిపోయేది.

ఇక నాకూ ఆవిడకీ సంగతి. నేను కాపురానికి వచ్చిన దగ్గర్నుంచి ఆవిడ నా వంట బాగుందని ఒక్కసారి అనలేదు. "ఇందూ, ఈ పులుసు ఏ గోదాట్లోంచి ముంచుకొచ్చేవే?" అనేది. అని, కంచం ముందుకు జరిపేది. ఆ జరపడమే మెచ్చుకోలు. అది అర్థం కావడానికి నాకు కొన్నేళ్ళు పట్టింది. అర్థమయ్యాక ఆ తిట్టు వినకపోతే నాకు తిన్నట్టుండేది కాదు.

అలాంటి మనిషిని ఒక ముసురు రోజు పొద్దున్న పక్షవాతం పడగొట్టింది. కాళ్ళు చేతులు పడిపోయాయి. నోరు పలకదు. కళ్ళు కదులుతాయి, ఎడమ చేతి బొటనవేలు కొద్దిగా ఆడుతుంది, అంతే. అవునంటే ఒకసారి, కాదంటే రెండుసార్లు రెప్పలు కొట్టేది. గేటు అలా తెరిచే ఉండిపోయింది. పలకరింపులకని వచ్చినవాళ్ళంతా నేరుగా ఆవిడ మంచం దాకా వచ్చి నిలబడేవాళ్ళు.

అక్క కూతురు చైత్ర సర్పవరం వైపున్న 'స్వరధార' అనే ప్రయోగశాలలో పని చేస్తుంది. ఏడాది పాటు తిండీ నిద్రా మానేసి ఒక పట్టీ తయారుచేసింది. గొంతుకి చుట్టుకునే పల్చటి పట్టీ. మనం మాట్లాడాలనుకోగానే మెదడు గొంతుకి కబురు పంపుతుందట. నోరు పలకకపోయినా ఆ కబురు గొంతు దాకా వస్తుందట. పట్టీ ఆ కబురుని పట్టుకుంటే, ఇంట్లో కంప్యూటర్ దాన్ని మాటగా మారుస్తుంది. కంప్యూటర్‌కి చాతకాని భాగాన్ని నెట్ ద్వారా ప్రయోగశాలలో ఉన్న పెద్ద యంత్రం చూసుకుంటుంది. ఆ మాట పలకడానికి అక్క గొంతు సంపాదించడం ఏమంత కష్టం కాలేదు. మా ఇంట్లో ఏ పెళ్ళి వీడియో పెట్టినా వెనకాల ఆవిడ ఎవర్నో ఒకర్ని కేకలేస్తూనే ఉంటుంది.

ఇంట్లో పట్టీ కట్టిన మొదటిరోజు హాల్లో అందరం చుట్టూ చేరాం. స్పీకర్లోంచి అక్క గొంతు గలగలా వచ్చింది.

"అందరూ బాగున్నారా? నా వల్ల మీకందరికీ ఎంత శ్రమ!"

అందరం ఏడ్చేశాం. బావగారైతే తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని అవతలికి వెళ్ళిపోయారు. మధ్యాహ్నం నేను పులుసన్నం మెత్తగా కలిపి చెంచాతో నోటికి అందించాను.

"పులుసు అమృతంలా ఉంది ఇందూ" అంది స్పీకరు.

నాకు సంతోషం కలగాలి కదా. కలగలేదు. జబ్బు మనిషిని ఇంత మార్చేస్తుందా అని ఆ రోజంతా మనసు బాగోలేదు.

అక్కడినుంచి మా ఇంట్లో తేనె కారడం మొదలైంది. మధ్యాహ్నం అయ్యేసరికి "ఏవండీ, తిన్నారా?" అని బావగారిని అడిగేది. ఆయన కరిగిపోయేవారు. చుట్టాలొస్తే "మీలాంటివాళ్ళు ఉండబట్టే బతికేను" అనేది. వాళ్ళు వెళ్తూ వెళ్తూ, "కనకవల్లి ఎంత మంచిదైపోయిందో!" అనేవారు. ఒక్కోసారి ఆవిడ కళ్ళు నిప్పులు కక్కుతున్నట్టు కనిపించేవి. "ఏమైంది అక్కా?" అంటే, "ఏం లేదు ఇందూ, కొంచెం నీరసం" అని స్పీకరు జవాబు. ఇక రెప్పల సంగతి అందరం మరిచిపోయాం. చెవిన మాట పడుతుంటే కళ్ళెవరు చూస్తారు?

*

ఆ కంప్యూటర్ అసలు నాది. హాల్లో ఒక మూల దాని మీద శుభలేఖలు, ఓణీల ఫంక్షన్ కార్డులు తయారుచేస్తుంటాను. మెయిన్ రోడ్డులో నాలాగే కార్డులు చేసే ఒకాయన కంప్యూటర్లోకి నెట్‌లోంచి ఎవరో దూరి, ఫైళ్ళన్నిటికీ తాళం వేసేశారు. నిండు పెళ్ళిళ్ళ రోజుల్లో! పెళ్ళికొడుకు పేరేంటో, ముహూర్తం ఎప్పుడో తెలియక ఆ మనిషి ఇంటింటికీ తిరిగాడు పాపం. అది విన్నాక నాకు గుబులు పుట్టి, వచ్చేవాటినీ పోయేవాటినీ ఆపి అడిగే ఫైర్‌వాల్ ప్రోగ్రాం ఒకటి తెచ్చి ఎక్కించాను.

ఎక్కించడం పెద్ద పనేం కాదు. అడిగిన చోటల్లా సరేనన్నాను, కంప్యూటర్ ఒకసారి ఆగి మళ్ళీ లేచింది. అప్పుడు మొదలైంది దాని గోల. "ప్రింటర్ ప్రోగ్రాం బయటికి వెళ్ళాలంటోంది. పోనివ్వాలా, ఆపాలా?" పోనీలే పాపం అని "పోనివ్వు" నొక్కాను. "క్యాలెండర్ ప్రోగ్రాం బయటికి వెళ్ళాలంటోంది." వెళ్ళనీ. "ఫలానా వాళ్ళు లోపలికి రావాలంటున్నారు." రానీ. మాటిమాటికీ అడగడం ఎందుకని "ఎప్పుడూ ఇంతే" అన్న గడిలో టిక్కు కూడా పెట్టేశాను. మర్నాటికి అది నోరు మూసుకుంది. భలే కుదిరింది అనుకున్నాను.

తర్వాత తీరిగ్గా చూస్తే తెలిసింది నేను చేసిన ఘనకార్యం. వచ్చినవాళ్ళందరికీ, పోయేవాళ్ళందరికీ ఎప్పటికీ చెల్లే అనుమతి ఇచ్చేశాను. ఇంటికి కొత్త గేటు పెట్టించి, గడియ తీసి, దానికి పూలదండ వేసినట్టుంది. గోదావరి బుద్ధి కంప్యూటర్‌కీ అంటింది.

నాలో నేనే నవ్వుకుని అక్క వంక తిరిగాను. చక్రాల కుర్చీలో తెరకి ఎదురుగానే ఉంది.

"అక్కా, నువ్వుంటే ఇలా జరగనిచ్చేదానివా?" అన్నాను. "ఉండు, నీ పద్ధతిలో చేస్తాను."

ఇచ్చిన అనుమతులన్నీ చెరిపేసి మొదట్నుంచీ మొదలుపెట్టాను. అది అడిగిన ప్రతిదాన్నీ అక్కకి చదివి వినిపించాను. "అక్కా, క్యాలెండర్ వచ్చింది. ఎవరి కోసం? ఎవరో ఊరూ పేరూ తెలియనివాడి కోసం. ఏం పని? చెప్పట్లేదు." అక్క పాత పద్ధతిలో రెండుసార్లు రెప్పలు కొట్టింది. ఆపేశాను. "ప్రింటర్. పక్కన బల్ల మీదున్నదానికి బయట ఏం పని?" మళ్ళీ రెండు. ఆపేశాను. "ఇది ఫైర్‌వాల్ కొత్త కబుర్లు తెచ్చుకోవడానికట." ఒకటి. పోనిచ్చాను. ఎన్నాళ్ళకో ఆవిడ కళ్ళలో మళ్ళీ వెలుగు చూశాను. మా గేటు మళ్ళీ మొదలైందని ఇద్దరికీ ఒకటే హుషారు.

అప్పుడొచ్చింది: "స్వరధార లోపలికి రావాలంటోంది. రానివ్వాలా, ఆపాలా?"

"ఇది మన చైత్రదేలే. దీన్ని అడిగేదేముంది" అని నొక్కబోతూ, అలవాటుగా అక్క కళ్ళలోకి చూశాను.

రెండు రెప్పలు.

"కాదక్కా, ఇది నీ మాట యంత్రమే."

మళ్ళీ రెండు. గట్టిగా, కనుబొమలు ముడిపడేలా.

అదే క్షణంలో, చెరిపేసినా పాత దారి మూసుకోవడానికి కాసేపు పడుతుంది కాబట్టి, స్పీకర్లోంచి ఆవిడ గొంతు తియ్యగా వినబడింది. "అవును ఇందూ, రానివ్వు."

నా చెయ్యి అలాగే ఆగిపోయింది. నోరు అవునంటోంది, కళ్ళు కాదంటున్నాయి.

తెర మూల రెండు బాణాలుంటాయి. బయటికి ఏదైనా వెళ్తే పచ్చది వెలుగుతుంది, లోపలికి వస్తే ఎర్రది. అక్క మాట్లాడాలనుకుంటే ముందు ఆవిడ కబురు బయటికి వెళ్ళాలి, తర్వాత మాట లోపలికి రావాలి. "అక్కా, ఎలా ఉంది ఒంట్లో?" అని అడిగి బాణాల్నే చూశాను. ముందు ఎర్రది వెలిగింది. "హాయిగా ఉంది ఇందూ" అంది స్పీకరు. ఆ తర్వాత ఎప్పటికో పచ్చది బద్ధకంగా మిణుక్కుమంది.

ఆవిడ కబురు బయల్దేరకముందే ఎవరో ఆవిడ మాట పంపించేస్తున్నారు.

"అక్కా" అన్నాను. "ఇన్నాళ్ళూ మాట్లాడింది నువ్వేనా?"

రెండు రెప్పలు. కళ్ళ నిండా నీళ్ళు.

"ఆపు" నొక్కాను. కోపంతో నొక్కాను. మౌస్ విరగలేదు, అదే గొప్ప.

స్పీకర్లో చప్పుడు లేదు. తప్పు చేశానా, ఉన్న గొంతు కూడా పోగొట్టానా అని భయమేసింది. నెట్ పోయినప్పుడు పనికొస్తుందని చైత్ర మొట్టమొదట్లో రాసిన చిన్న ప్రోగ్రాం ఒకటి మా కంప్యూటర్లోనే ఉంది. అది లేవడానికే చాలాసేపు పడుతుంది. నెట్ పోయినప్పుడు మేమెవరం అంతసేపు ఆగింది లేదు. ఈసారి ఆగాను. ఆవిడ చెయ్యి పట్టుకుని, ఆవిడ కళ్ళలోకే చూస్తూ కూర్చున్నాను.

స్పీకరు గరగరలాడింది. రాయి దొర్లినట్టు ఒక్కో అక్షరం వచ్చింది.

"ఉ... ప్పు... లే... దు."

"ఏంటక్కా?"

"ఉప్మా... లో."

"వేసేనక్కా! ఉంది!"

"లే... దు."

వంటింట్లోకి పరిగెత్తి మిగిలిన ఉప్మా నోట్లో వేసుకున్నాను. నిజంగానే లేదు. ఇంట్లో అందరూ తిన్నారు, ఎవరూ మాట్లాడలేదు. మూకుడు పట్టుకుని అక్కడే నేల మీద కూలబడి ఏడ్చాను, నవ్వాను. మా అక్క బతికే ఉంది!

*

మధ్యాహ్నం భోజనమయ్యాక బావగారు అలవాటుగా వచ్చి అక్క ఎదురుగా కూర్చున్నారు. ఆయన దేనికి వచ్చారో నాకు తెలుసు. స్పీకరు పలకలేదు. సంగతంతా చెప్పాను. ఆయన మొహం వాడిపోయింది.

"అయితే, 'తిన్నారా' అని రోజూ అడిగింది..." అన్నారు మెల్లిగా. "అది నువ్వు కాదా వల్లీ?"

ఆయన్ని చూస్తే జాలేసింది. ముప్పయ్యేళ్ళ కాపురంలో ఆ మాట ఒక్కసారైనా విన్నారో లేదో పాపం. విన్నాక మళ్ళీ పోగొట్టుకోవడం మాటలు కాదు. అక్క చాలాసేపు తంటాలు పడింది. గొంతు మీద నరాలు ఉబ్బాయి.

"అడ... గడం... ఎందుకు... రోజూ... మీ కంచం... చూస్తాగా."

బావగారు లేచి, తన కుర్చీ భోజనాల బల్ల దగ్గర అటు తిప్పి వేసుకున్నారు. అక్క కూర్చున్న చోటికి ఆయన కంచం కనబడేలా. మర్నాటి నుంచి అక్కడే తింటున్నారు.

సాయంత్రం చైత్ర విసురుగా వచ్చింది. బ్యాగ్ సోఫాలో పడేసింది.

"పిన్నీ, ఏం చేసేవు? ల్యాబు బోర్డు మీద మనింటి దీపం ఆరిపోయింది! ఎల్లుండి పట్టీని పరీక్షించడానికి పరిశీలకులు వస్తున్నారు, అదీ మనింటికే!"

"నేనేం చేశానో తర్వాత చెబుతాను. ముందు మీ అమ్మని అడుగు. స్పీకర్ని కాదు, కళ్ళు చూసి అడుగు" అన్నాను.

అడిగింది. రెండు రెప్పలు చూసింది. గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. మర్నాడు పొద్దున్నే, "నాతో ల్యాబుకి రా పిన్నీ" అంది.

స్వరధారలో ఒక గోడ నిండా చిన్న చిన్న దీపాలున్నాయి. పట్టీ కట్టిన ఇంటికో దీపం. తునిలో ఒక లారీ డ్రైవరు, పెద్దాపురంలో ఒక పంతులమ్మ, ఇంకా ఎవరెవరో. అన్నీ వెలుగుతున్నాయి, మాది తప్ప. ల్యాబు పెద్ద డాక్టర్ నరహరి గారు మంచి మనిషే, కాకపోతే తన మాట తనకే సంగీతంలా వినబడే రకం.

"చూడండమ్మా," అన్నారు. "ప్రపంచంలో ఎక్కడా లేనంత వేగం మన పట్టీది. రోగి ఆలోచించేలోపే మాట వచ్చేస్తుంది. మీరేమో దాన్ని ఆపేసి, నిమిషానికో అక్షరం పలికిస్తున్నారు."

"ఆలోచించేలోపే వస్తే, అది ఎవరి మాటండీ?"

"ఆ సందర్భంలో మంచి మనిషి ఎవరైనా ఏమంటారో యంత్రానికి తెలుసు. నూటికి తొంభైమంది అనేది అదే కదా?"

"మా అక్క మిగతా పదిమందిలోదండి" అన్నాను.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. చైత్ర నన్ను వరండాలోకి లాక్కొచ్చింది. ఆ పిల్ల మొహం చూసి నా కోపం సగం దిగిపోయింది.

"ఆయన్ని అనకు పిన్నీ. యంత్రానికి ఆ మర్యాద నేర్పింది నేనే" అంది. "అమ్మకి మొదటిసారి పట్టీ కట్టింది ఇక్కడే. మీరెవరూ లేరు. అమ్మ మొదటి మాట ఏంటో తెలుసా? 'నన్ను చూడకండి.' అంతే. మళ్ళీ మళ్ళీ అదే. నేను వినలేకపోయేను పిన్నీ. మిగతావాళ్ళవీ అంతే. ఒకాయన పెళ్ళాన్ని బూతులు తిట్టేడు. ఒకావిడ చంపెయ్యమంది. ఆ మాటలు ఇంట్లోవాళ్ళు ఎలా వింటారు? అందుకే పెద్ద యంత్రంలో ఒక పొర పెట్టేను. చేదుగా ఉన్నదాన్ని కాస్త తీపి చెయ్యమన్నాను. అది నేర్చుకుంటూ నేర్చుకుంటూ, అసలు మనిషి కోసం ఆగడమే మానేసింది. నేను చూసుకోలేదు. అమ్మ మాట్లాడుతోందని సంబరంలో ఉన్నాను."

వెక్కి వెక్కి ఏడ్చింది. దగ్గరికి తీసుకున్నాను.

"ఒసే పిచ్చిదానా! నన్ను చూడకండి అంటే వెళ్ళి పక్కన కూర్చోవాలి. తిడితే తిట్టించుకోవాలి. ఇంట్లో మనం ఉన్నది మరెందుకే?"

"అదొక్కటే కాదు పిన్నీ. రేపు పరిశీలకుల ముందు అమ్మ ఇలా ఒక్కో అక్షరం నెట్టుకుంటూ కూర్చుంటే, పట్టీ పనికిరాదని రాసేస్తారు. ఇక్కడితో ఆపేసి అందరి పట్టీలూ వెనక్కి తీసుకుంటారు. అమ్మది కూడా. అప్పుడు ఉప్పు లేదని కూడా అనలేదు."

తేనె పూసిన అబద్ధం ఒక వైపు, ఏ మాటా లేకపోవడం ఇంకో వైపు. ఇది నేను తేల్చేది కాదు, చైత్ర తేల్చేదీ కాదు.

ఇంటికొచ్చి చైత్ర అక్క మోకాళ్ళ దగ్గర కింద కూర్చుంది. జరిగింది జరిగినట్టు చెప్పింది. తను పెట్టిన పొర సంగతి దాచలేదు. "రేపు ఒక్క గంట దాన్ని రానివ్వమంటావా అమ్మా?" అని అడిగింది.

అక్క కూతురి మొహంలోకి చూస్తూనే ఉంది. జవాబు రావడానికి ఎంతసేపు పట్టిందో కానీ, ఇద్దరం కదల్లేదు.

"గేటు... నా... దగ్గర... ఉంచు."

చైత్ర కళ్ళు తుడుచుకుని లేచింది. మా పాత కాలింగ్ బెల్ స్విచ్ ఒకటి అటక మీద పడి ఉంటే తెచ్చి, తీగ అతికించి, ఫైర్‌వాల్‌కి కలిపింది. ఒకసారి నొక్కితే రానివ్వు, రెండుసార్లు నొక్కితే ఆపు. దాన్ని అక్క ఎడమ బొటనవేలి కింద టేపుతో కట్టింది. ఇద్దరూ దానితో సాధన చేస్తుంటే నేను వంటింట్లోంచి విన్నాను. "ఇంకోసారి అమ్మా" అని చైత్ర, టక్ టక్ అని స్విచ్చి.

*

పరిశీలక బృందానికి పెద్ద డాక్టర్ జుబేదా బేగం. నెరిసిన జుట్టు, నూలు చీర, చేతిలో గొడుగు. వెంట ఇద్దరు కుర్రడాక్టర్లు, ఒక కెమెరా. గేటు ఎప్పట్లాగే తెరిచే ఉంది కాబట్టి, అందరూ నేరుగా హాల్లోకి వచ్చి కూర్చున్నారు. నరహరి గారు పట్టీ గొప్పతనం గురించి ఉపన్యాసం ఇచ్చి, "ఇప్పుడు మీరే వినండి. చైత్రా, కనెక్షన్ ఇవ్వమ్మా" అన్నారు.

చైత్ర ఇచ్చింది. తెర మీద ప్రశ్న వెలిగింది. "స్వరధార లోపలికి రావాలంటోంది. రానివ్వాలా, ఆపాలా?"

"ఇదేమిటి?" అన్నారు నరహరి గారు.

"మా అమ్మ గేటు సార్" అంది చైత్ర. గొంతు సన్నగా ఉంది గానీ బెదురు లేదు. "తెరవాలో వద్దో అమ్మ ఇష్టం."

అందరి కళ్ళూ ఆ బొటనవేలి మీదే. బావగారు గోడకి ఆనుకుని కళ్ళు మూసుకున్నారు. ఒక్కసారి నొక్కితే చాలు, పట్టీ నిలబడుతుంది, చైత్ర కష్టం నిలబడుతుంది, అన్ని ఇళ్ళలో దీపాలూ వెలుగుతాయి. అక్క లోపలే ఉండిపోతుంది.

టక్.

నరహరి గారు నవ్వబోయారు.

టక్.

స్పీకరు మూగబోయింది. కుర్రడాక్టర్లు మొహాలు చూసుకున్నారు. ఒకతను గడియారం చూసుకున్నాడు. "చిన్న సాంకేతిక లోపం మేడమ్" అంటూ నరహరి గారు లేవబోతే, డాక్టర్ జుబేదా చేత్తోనే ఆగమన్నారు. ఆవిడ తెర వైపు చూడటం లేదు. అక్క కళ్ళనే చూస్తున్నారు.

గరగర మొదలైంది.

"ఎ... వ... రు?"

కెమెరా అక్క వైపు తిరిగింది.

"ఎవరి... కోసం?"

నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. మూడోది రావాలి. మా వీధి వీధంతటికీ తెలుసు మూడోది ఉందని. అక్క నుదుటి మీద చెమట పట్టింది. చైత్ర తుడవబోయి ఆగిపోయింది.

"ఏం... పని?"

డాక్టర్ జుబేదా కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. అప్పటిదాకా గేటు బయట ఉన్నట్టే, గొడుగు రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డారు.

"నా పేరు జుబేదా బేగం అమ్మా. మీ కోసమే వచ్చేను. మాట్లాడేది మీరో, యంత్రమో చూడ్డమే నా పని."

అక్క ఆవిడ్ని కిందనుంచి పైదాకా చూసింది. అచ్చం గ్రిల్ గేటు వెనకనుంచి చూసే చూపే.

"లోపలికి... రండి."

బావగారు బిగ్గరగా ఏడ్చేశారు. నేను ఏడవలేదు. చప్పట్లు కొట్టాను! పెద్ద డాక్టర్ల ముందు చప్పట్లు కొట్టాను, ఏమనుకుంటే అనుకోనీ.

డాక్టర్ జుబేదా అక్క పక్కకి కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"ఈ యంత్రం ఎలా ఉందమ్మా మీకు?"

కుర్రడాక్టరు ఈసారి గడియారం చూసుకోలేదు.

"నెమ్మది" అంది అక్క. ఊపిరి పీల్చుకుంది. "గానీ... నాది."

డాక్టర్ జుబేదా కాగితం మీద ఏం రాశారో మాకు తర్వాత తెలిసింది. పట్టీ నడవాలి, ఇంకా చాలా ఇళ్ళకి వెళ్ళాలి. అయితే ఏ ఇంటికి వెళ్ళినా దానితోపాటు ఒక గేటు వెళ్ళాలి, దాని స్విచ్చి రోగి వేలి కిందే ఉండాలి. నరహరి గారు రెండు రోజులు ముభావంగా ఉన్నారు. మూడోరోజు చైత్ర రాసిన చిన్న ప్రోగ్రాంని వేగంగా నడిపే పనిలో ఆయనే స్వయంగా కూర్చున్నారట. ఇప్పుడు గోడ మీద దీపాలు ఒక్కోసారి వెలుగుతాయి, ఒక్కోసారి ఆరతాయి. ఆరిన దీపాన్ని చూసి, "ఎవరో సొంతంగా మాట్లాడుతున్నారు" అని మురిసిపోతారట. తుని లారీ డ్రైవరు గేటు వేసుకోగానే పెళ్ళాన్ని అన్న మొదటి మాట ఇక్కడ రాయకూడనిది. ఆవిడ మాత్రం వీధంతా కాజాలు పంచింది.

*

పరిశీలకులు వెళ్ళిన రోజు మా ఇంట్లో పండగే. బెండకాయ పులుసు పెట్టాను. అన్నంలో మెత్తగా కలిపి అక్క నోటికి అందించాను. బావగారు ఎదురుగా కంచం ముందు, చైత్ర నేల మీద, మా ఆయన గుమ్మంలో. అందరం స్పీకరు వంక కాకుండా ఆవిడ కళ్ళ వంక చూస్తున్నాం.

మింగింది. కనుబొమలు ముడిచింది.

"ఇందూ..."

"చెప్పక్కా."

"గోదాట్లోంచి... ముంచు... కొచ్చేవా?"

అందరం పగలబడి నవ్వాం. నవ్వుతూనే చెంచా కింద పెట్టేశాను, కళ్ళు తుడుచుకోవడానికి. ఆవిడ చెయ్యి కదలదు. కంచం జరపలేదు. ఆ సగం ఇక ఎప్పటికీ రాదులే అనుకున్నాను. తిట్టు వచ్చింది, అది చాలు.

స్పీకరు మళ్ళీ గరగరలాడింది. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా నోటితో అనని మాట, ఒక్కో అక్షరం మోసుకుంటూ వచ్చింది.

"అయినా... ఇంకొంచెం... వెయ్యి."